ఒట్టు గోడ

డేల్ అనే మనిషి పదకొండేళ్ళ పాటు చుక్క ముట్టుకోలేదు. ఫిబ్రవరి మొదటి శనివారం పొద్దున పదకొండింటికి మళ్ళీ మొదలెట్టాడు. ఆ మొదటి గ్లాసు పోసింది రాధారాణి. తెలిసి పోయలేదు, నిజమే. తెలియక పోస్తే మాత్రం గ్లాసులోది మంచినీళ్ళయిపోతుందా? ఆ సంగతి చెవిన పడ్డ దగ్గర్నుంచీ ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కూర పోపులో వేసి, మధ్యలో స్టవ్ ఆపేసి, కారు తాళాలు తీసుకుంటుంది. ఫోర్టీన్ మైల్ రోడ్డు మీద గుంటల్లో కారు దడదడలాడించుకుంటూ డేల్ ఇంటి ముందు దాకా వెళ్ళడం, తలుపు తట్టే ధైర్యం లేక వెనక్కి రావడం. వారంలో రెండుసార్లయింది.

మొదట్నుంచీ చెప్పుకుంటే గానీ ఇది తేలదు.

చక్రధర్, రాధారాణి పద్దెనిమిదేళ్ళుగా ట్రాయ్‌లో ఉంటున్నారు. ఆయనది హనుమకొండ, ఆవిడది తెనాలి. ఆయన కార్ల సీట్లు డిజైన్ చేసే ఇంజనీరు. ఆవిడ సాఫ్ట్‌వేర్ టెస్టర్, ఇంటి నుంచే పని. ఒక్కతే కూతురు రియా, యాన్ ఆర్బర్‌లో చదువుకుంటోంది. గ్రీన్ కార్డు చేతికొచ్చిన రోజు నుంచీ చక్రధర్‌కి సొంత బిజినెస్ పిచ్చి పట్టింది. పోనీ అందరిలా గ్యాస్ స్టేషనో, దోసెల హోటలో చూసుకున్నాడా? అబ్బే. ఇంటికి పది నిమిషాల దూరంలో, హార్వీ అనే ముసలాయన యాభై ఏళ్ళు నడిపిన చిన్న పబ్బు కొన్నాడు. బీరు, శుక్రవారాలు చేపల వేపుడు, మూలన పేకాట బల్ల, అంతే సంబడం. హార్వీ తాళాలు చేతిలో పెట్టి ఫ్లారిడా చెక్కేశాడు.

ఈ వార్త ట్రాయ్ తెలుగువాళ్ళు తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్కుల్లో గుప్పుమంది. "ఏంటి రాధక్కా, బ్రాందీ షాపు పెట్టారటగా?" అంది లలిత, పులిహోర గరిటె పట్టుకుని, పదిమందీ వినేలా. "అవునమ్మా, మీ ఆయన్ని పంపించు, చేపలు వేడివేడిగా ఉంటాయి," అంది రాధారాణి. లలిత మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇక ఆ గోడ సంగతి. కౌంటరుకి ఎదురుగా, నిలువెత్తున, పేర్లు. నల్ల మార్కర్‌తో రాసినవి, పెన్నుతో గీకినవి, కొన్ని వంకర టింకర, కొన్ని ముత్యాల్లా. ప్రతి పేరు కిందా ఒక తేదీ. కొన్నిటి పక్కన చిన్న సిలువ గుర్తు. పాలు పొంగించే ముహూర్తం అడగడానికి హనుమకొండకి వీడియో కాల్ చేసినప్పుడు అత్తగారి కళ్ళు సరిగ్గా దాని మీదే పడ్డాయి.

"ఆ రాతలేందే రాధా? ఫోను జర దగ్గరికి పట్టు."

రాధారాణి పట్టింది.

"పేరు, తారీఖు, సిలువ. ఇంకేమున్నది! సచ్చినోళ్ళ పేర్లు బిడ్డా అవి. ఆ గోడ ముంగట పాలు పొంగిస్తరా? మీకు బుద్ధున్నదా అసలు?"

నిజానికి రాధారాణికీ లోపల అదే గుబులుంది. ఎవరివో తెలియని చావులు నెత్తిన పెట్టుకుని వ్యాపారం ఏం కలిసొస్తుంది? హార్వీకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. వంటగదిలో పెయింటర్లు అప్పటికే పనిలో ఉన్నారు. ఈ గోడ కూడా కొట్టేయండి బాబూ అంది. మీగడ రంగు, రెండు కోటింగులు. సాయంత్రానికి గోడ కడిగిన పళ్ళెంలా అయింది. మర్నాడు చేపలు వేయించే పొయ్యి మీదే పాలు పొంగించి, అత్తగారికి వీడియోలో చూపించింది. అత్తగారు అక్షింతలు ఫోను మీద చల్లింది.

శనివారం పదకొండింటికి తలుపు తీశారు. బూట్ల మీది మంచు దులుపుకుంటూ మొదట లోపలికొచ్చింది డేల్. అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి, ఎర్రటి మొహం, చలికాలం రోడ్ల మీద మంచు తోసే ట్రక్కు నడుపుతాడు. తలుపు దగ్గరే ఆగిపోయి గోడ కేసి చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు. మన రాధారాణేమో రంగు నచ్చిందనుకుని మురిసిపోయింది.

"ఎలా ఉంది?" అనడిగింది.

"డిఫరెంట్‌గా ఉంది," అన్నాడు డేల్.

పద్దెనిమిదేళ్ళు ఈ దేశంలో ఉండి కూడా, ఇక్కడివాళ్ళు 'డిఫరెంట్' అంటే బాగాలేదని మర్యాదగా చెప్పడమని ఆవిడకి తట్టలేదు. థాంక్యూ అంది. ఆయన కాఫీ అడిగాడు. కాఫీ మెషిన్ ఇంకా బిగించలేదు. "అయ్యో, మొదటి కస్టమర్ మీరు, ఖాళీగా పంపకూడదు. మాలో దీన్ని బోణీ అంటారు. మొదటి బేరం పోగొట్టుకోకూడదు. ఇంకేదైనా తీసుకోండి," అంది.

"నాకు పొయ్యొచ్చంటావా?" అన్నాడు డేల్, గోడ మీంచి చూపు తిప్పకుండా. "ఖచ్చితంగా తెలుసా?"

రాధారాణి పకపకా నవ్వింది. "ఏం, మీకు వయసు చాలదా?"

ఆయన నవ్వలేదు. కూర్చున్నాడు. ఆవిడే సీసా తీసి, ఆవిడే పోసింది. ఆయనిచ్చిన నోటు కళ్ళకద్దుకుంది. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. "బోణీ మనిషి చెయ్యి మంచిదండీ," అంది మొగుడితో. పది రోజులయ్యాక డేల్ రావడం మానేశాడు.

డేలే కాదు, పాతవాళ్ళందరూ అంతే. ఒకరొకరే వచ్చి, గోడ చూసి, డిఫరెంట్ అనేసి, ఒక బీరు తాగి వెళ్ళిపోయేవాళ్ళు. మళ్ళీ కనిపించేవాళ్ళు కారు. ఒకాయన మాత్రం గోడకేమైందని మొహం మీదే అడిగాడు. చక్రధర్ తడుముకోకుండా, పైపు లీకై గోడంతా పాడైంది, తప్పలేదు అన్నాడు. పక్కనే గ్లాసులు తుడుస్తున్న రాధారాణి తలెత్తలేదు.

మార్చి వచ్చేసరికి శుక్రవారం చేపలు కూడా మిగిలిపోతున్నాయి. అప్పుడు చక్రధర్‌కి ఒక ఐడియా వచ్చింది. "రాధా, గీ ఊరి చరిత్ర గోడకెక్కిద్దాం. పాత ఫోటోలు, ముసలోళ్ళ కథలు, అన్ని ఫ్రేములు కట్టించి పెడదాం. ఎవరి కథ వాళ్ళు సూసుకోనీకన్నా వస్తరు." అన్నాడో లేదో, ముప్పై ఫ్రేములు కొనుక్కొచ్చాడు. కథలు పోగు చేసే పని రాధారాణికి పడింది.

ఆవిడకి పని చేతికిస్తే టెస్టింగ్ చేసినట్టే చేస్తుంది. ఒక ఎక్సెల్ షీటు పెట్టింది. ఎవరి కథ, ఏ ఏడాది, ఎవరు చెప్పారు, ఇంకెవరు ఔనన్నారు. ఇద్దరు ఔననందే ఏ మాటా నిజం కాదు. లైబ్రరీకి వెళ్ళింది, చర్చి బేస్‌మెంట్‌లో చేపల విందుకి వెళ్ళింది, మంగలి షాపులో గంట కూర్చుంది. జనం మర్యాదగా చెప్పారు. పెద్ద గాలివానకి పబ్బు పైకప్పు లేచిపోయిందట. టూల్ ఫ్యాక్టరీ మూసేసిన రోజు హార్వీ అందరికీ సూపు పోశాడట. అన్నీ విన్నది, అన్నీ రాసుకుంది. కానీ ప్రతివాళ్ళూ చెప్పడం అయిపోయాక ఇంకేదో ఉన్నట్టు ఒక్క క్షణం ఆగి, ఆవిడ మొహంలోకి చూసేవాళ్ళు. ఆ చూపే ఆవిడకి నిద్ర పట్టనిచ్చేది కాదు.

అందరూ ఒకే మాట అన్నారు, లోరెయిన్‌ని అడుగు అని.

లోరెయిన్ ఆ పబ్బులో ముప్పై ఒక్క ఏళ్ళు బీర్లు పోసిన మనిషి. డెబ్భై తొమ్మిదేళ్ళు. పబ్బు వెనక రెండో వీధిలో ఒంటరిగా ఉంటుంది. సన్నగా, కర్రలా, గొంతు మాత్రం కంచు. రాధారాణిని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఆవిడ ల్యాప్‌టాప్ కేసి చూసింది. మాట్లాడిందంతా ఇంగ్లీషులోనే, మనం మన మాటల్లో చెప్పుకుందాం.

"కథలు పోగు చేస్తున్నావని విన్నాను, హనీ. గోడ గురించి ఎవరైనా చెప్పారా?"

"చనిపోయినవాళ్ళ పేర్లని..." అంది రాధారాణి మెల్లిగా.

"చనిపోయినవాళ్ళా? ఎవరు చెప్పారు?"

ఎవరు చెప్పారని చెబుతుంది? హనుమకొండలో మా అత్తగారని చెబుతుందా?

లోరెయిన్ కప్పు కింద పెట్టింది. "అవి తాగుడు మానేసినవాళ్ళ పేర్లు. ఇక తాగను అనుకున్న రోజు మనిషి లోపలికొచ్చి, అందరి ముందూ తన పేరు, ఆ రోజు తేదీ గోడ మీద రాస్తాడు. ఆ క్షణం నుంచీ అతనికి కాఫీయే. కాళ్ళు పట్టుకున్నా సరే, మేం పొయ్యం. పోసినవాళ్ళ ఉద్యోగం ఆ రోజుతో సరి. సిలువలంటావా, అవి మాట నిలబెట్టుకుని పోయినవాళ్ళవి."

"మానేశాక మళ్ళీ పబ్బుకెందుకు వస్తారు?" అనడిగింది రాధారాణి. అడగాల్సింది అది కాదని తెలుసు. అసలుది అడగడానికి నోరు రావడం లేదు.

"వాళ్ళ స్నేహితులంతా అక్కడేగా ఉన్నారు. తాగుడు మానొచ్చు. మనుషుల్ని మానేస్తే ఎలా?"

మాలో దీన్ని ఒట్టంటారు అంది రాధారాణి. తల మీద చెయ్యి పెట్టి వేస్తారు, అమ్మ మీదో బిడ్డ మీదో. మీవాళ్ళు ఎవరి మీద వేసేవాళ్ళు?

"గోడ మీద," అంది లోరెయిన్.

ఆవిడ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. కిటికీ పక్క నుంచి, పై వరస నుంచి. ఫ్రాంక్, పందొమ్మిది వందల డెబ్భై ఎనిమిది మే, సిలువ. కూతురి పెళ్ళికి చర్చి దాకా వెళ్ళి, కారులోనే నిద్రపోయాడు, పెళ్ళయిపోయాక లేచాడు. గస్, ఎనభై నాలుగులో, సిలువ. సొంత కుక్క దగ్గరికి రావడం మానేసిందని మానేశాడు. బెర్నిస్, తొంభైలో రాసింది, ఇంకా బతికే ఉంది, మనవరాలికి ఈత నేర్పుతోంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఎవరికి పొయ్యకూడదో గుర్తుంచుకోవడమే ఆవిడ పని, మరిచిపోతుందా? గోడంతా ఆవిడ నోట్లో ఉంది. రాధారాణి టైపు చేస్తూనే ఉంది. నలభై ఒకటో పేరు దగ్గర లోరెయిన్ ఆగింది.

"మూడో వరస, లైటు స్విచ్ పక్కన. డేల్. పదకొండేళ్ళు. తప్పతాగి ట్రక్కు రివర్స్ చేస్తే వెనక సైకిలుంది. దేవుడి దయ, దాని మీద పిల్లాడు లేడు. ఆ సాయంత్రమే వచ్చి రాశాడు." కళ్ళు తెరిచింది. "ఇప్పుడు రోజూ ఇంట్లో కూర్చుని తాగుతున్నాడు. ఎవరు పోశారో మరి మొదటిది."

వయసు చాలదా అని నవ్విన నవ్వు రాధారాణికి మళ్ళీ వినిపించింది. ఛీ, ఏం బతుకు, ఏం బోణీ అనుకుంది. ఇప్పుడు నోరు మూసుకుని, థాంక్యూ చెప్పి వెళ్ళిపోవచ్చు. పైపు లీకు ఉండనే ఉంది. ఈవిడ ఏం కనిపెడుతుంది?

"లీకు లేదు," అంది. "అది అబద్ధం. రంగు వేయించింది నేను. డేల్‌కి పోసింది కూడా నేనే. కాఫీ అడిగితే, కాదని, నేనే బలవంతపెట్టాను."

లోరెయిన్ రెండు కప్పులూ తీసి సింకులో పెట్టింది. "నాకు తెలుసు, హనీ. ఊరందరికీ తెలుసు. నువ్వు చెబుతావా, చెప్పవా అని చూస్తున్నాం."

తల కొట్టేసినట్టయింది రాధారాణికి. తిడితే బాగుండును. లేచి వస్తుంటే లోరెయిన్ గుమ్మం దాకా వచ్చింది. "మిగతా పేర్లు ఎవరైనా రాయొచ్చు. డేల్‌ది మాత్రం డేలే రాయాలి. ఈ చలికాలం దాటేలోగా రాయకపోతే ఇక రాయడు. నేను అలాంటివాళ్ళని చూశాను."

ఆ సాయంత్రం పబ్బులో, ఒక్క కస్టమరూ లేని పబ్బులో, మొగుడూ పెళ్ళాం తగవు పడ్డారు.

"అరె, తాగనోళ్ళ పేర్లు గోడకెక్కిస్తే తాగెటోళ్ళు ఎట్లొస్తరు రాధా? ఎక్కడన్న ఉన్నదా గిట్ల?"

"యాభై ఏళ్ళు ఎలా వచ్చారో అలాగే వస్తారు. ఆ ఫ్రేములు తిరిగిచ్చేయండి."

"ముప్పై ఫ్రేములు..."

"ఫ్రేముల గొడవ నాకు చెప్పకండి! ఒక మనిషి నాశనమైపోతున్నాడండీ అక్కడ, నా చేతి మీదుగా. మీకు అర్థమవుతోందా? పైపు లీకు మాట కూడా వెనక్కి తీసుకోండి. మీరే, మీ నోటితో, అందరి ముందూ."

చక్రధర్ మొహం మాడ్చుకుని వంటింట్లోకి పోయాడు. గంట తర్వాత వచ్చి, నిచ్చెన తెచ్చి గోడకి ఆనించాడు. వాళ్ళాయన క్షమాపణ అడిగే పద్ధతి అదే, ఇరవై నాలుగేళ్ళుగా.

రాధారాణి లోరెయిన్ చెప్పిన వరసలోనే అందరికీ ఫోన్లు చేసింది, తలుపులు కొట్టింది. బతికున్నవాళ్ళు తమ పేరు తాము రాయాలి. పోయినవాళ్ళది కొడుకో, మనవరాలో. ఫ్రాంక్ కూతురు లాన్సింగ్ నుంచి గంటన్నర డ్రైవ్ చేసుకుని వచ్చింది. పెళ్ళి రోజు కథ తనే ఇంకోసారి చెప్పి, నవ్వి, సిలువ గీస్తూ ఏడ్చింది. శుక్రవారం చేపల వేళకి పదిహేను మంది పోగయ్యారు. చక్రధర్ కౌంటరు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. పైపు లీకు కాలేదని, అబద్ధం చెప్పానని, తప్పయిందని అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మూల బల్ల నుంచి ఒక ముసలాయన, "తెలుసులే. చేపలు పట్రా," అన్నాడు.

నలభై పేర్లు గోడకెక్కాయి. లైటు స్విచ్ పక్కన జానెడు జాగా ఖాళీగా ఉండిపోయింది. రాధారాణికి నలభై కనపడవు, ఆ జానెడే కనపడుతుంది. ఆఫీసు మీటింగుల్లో ఎవరేం అడిగినా మరోసారి చెప్పమంటుంది. ఏప్రిల్ వచ్చేసింది, మంచు కరిగిపోయింది, డేల్ ట్రక్కుకి మాత్రం మంచు తోసే రేకు ఇంకా తగిలించే ఉంది. దాన్ని విప్పే ఓపిక కూడా లేదన్నమాట మనిషికి.

మూడోసారి వెళ్ళినప్పుడు ఇంక లాభం లేదని దిగి తలుపు కొట్టింది. చాలాసేపటికి తెరుచుకుంది. ఎదురుగా డేల్, గడ్డం పెరిగి, చెప్పులు ఒకటి నలుపు ఒకటి నీలం.

"నేను రాధని. పబ్బు..."

"తెలుసు," అన్నాడు డేల్. "బోనీ."

ఆ మాట ఆ నోట వినడం ఎంత కష్టంగా ఉందో చెప్పలేం. రెండు నెలలుగా గుర్తుపెట్టుకున్నాడు.

"నాకు తెలీదు, డేల్. గోడ సంగతి నాకు నిజంగా తెలీదు. తెలుసుకోకుండా చెరిపాను, అది నా తప్పే. మీ చోటు అలాగే ఉంచాను. వచ్చి రాయండి."

"నువ్వేం నన్ను కట్టేసి తాగించలేదు," అన్నాడు. "రెండుసార్లు అడిగాను నిన్ను. వద్దంటావేమోనని. ఎవరో ఒకరు వద్దంటారేమోనని. సరే, వెళ్ళు."

"చోటు..."

"ఖాళీగానే ఉండనీ." తలుపు మూసేశాడు.

రాధారాణి కారులో కూర్చుని స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, వాణ్ణి తిట్టింది, తనని తిట్టుకుంది, అత్తగారిని కూడా నాలుగు తిట్టింది.

నాలుగు రోజుల తర్వాత, మంగళవారం మధ్యాహ్నం. పబ్బులో పేకాట బల్ల దగ్గర ముగ్గురు, కిటికీ దగ్గర లోరెయిన్. తలుపు తెరుచుకుని డేల్ వచ్చాడు. గడ్డం గీసుకోలేదు గానీ చొక్కా మార్చుకున్నాడు. పేకముక్కల చప్పుడు ఆగిపోయింది. ఎవరి వంకా చూడకుండా తిన్నగా కౌంటరు దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"విస్కీ," అన్నాడు.

చక్రధర్ చెయ్యి గాల్లోనే ఆగింది. పెళ్ళాం వైపు చూశాడు.

"పొయ్యను," అంది రాధారాణి.

"నా పేరు గోడ మీద లేదు."

"ఉండేది. నేను చెరిపాను."

"ఇప్పుడు లేదుగా. రూలు రూలే. లోరెయిన్‌ని అడుగు, పేరు లేనివాడికి పొయ్యాల్సిందే."

రాధారాణి లోరెయిన్ వైపు చూసింది. ఆ మహాతల్లి కిటికీలోంచి రోడ్డు చూస్తోంది. రూలు ప్రకారం డేల్ చెప్పింది కరెక్టే మరి. వాదనలో ఓడిపోయినట్టే. కానీ ఇది వాదనా? ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"మీ రూలు మీ దగ్గర పెట్టుకోండి! నా చేతి మీదుగా, నా మొగుడి చేతి మీదుగా, ఈ గుమ్మం లోపల మీకు ఇంకో చుక్క పడదు. నా కూతురు రియా మీద ఒట్టు!" అంది. ఒట్టు అన్న మాట తెలుగులోనే వచ్చేసింది. మళ్ళీ ఇంగ్లీషులో చెప్పింది. బిడ్డ తల మీద ప్రమాణం చేస్తున్నాను. పోస్తే దానికే తగులుతుంది.

"ఏయ్ రాధా!" చక్రధర్ అదిరిపడ్డాడు. చేతిలో గ్లాసు ఠక్కున కింద పెట్టేశాడు. "నీకేమన్న పిచ్చి లేచిందా? బిడ్డ మీద ఒట్టేంది?"

డేల్ కూడా బిత్తరపోయాడు. "కూతురి మీదా? ఇంత చిన్న విషయానికా? అలాంటి ప్రమాణం ఎవరైనా చేస్తారా?"

"మాలో చేస్తారు. చాలా చెడ్డ ఒట్టు అది. మా అమ్మ వింటే చెంప పగలగొడుతుంది." అంది రాధారాణి. "అందుకే చేశాను."

డేల్ స్టూలు వెనక్కి నెట్టి లేచాడు. వెళ్ళిపోతున్నాడనుకుంది. గోడ దగ్గరికెళ్ళి, ఆ ఖాళీ జానెడు ముందు నిలబడ్డాడు. రాధారాణి కౌంటరు చుట్టూ తిరిగి పరిగెత్తింది. తాడుకి కట్టి వేలాడదీసిన మార్కర్ తీసి, ఆయన చేతికిచ్చే లోపలే, ఆత్రం ఆపుకోలేక, పాత తేదీ రాసేసింది. పదకొండేళ్ళ కిందటిది. లోరెయిన్ చెప్పినప్పటి నుంచీ ఆవిడకి కంఠతా వచ్చు.

డేల్ బొటనవేలితో, తడి ఆరక ముందే, ఆ తేదీని తుడిచేశాడు. గోడ మీద నల్లగా మరక పడింది.

"అది కాదు," అన్నాడు.

"అదే మీ తేదీ! ఆ గ్లాసు నేను పోశాను, అది మీ లెక్కలోకి రాదు. అది నాది."

"ఒకటి నువ్వు పోశావు," అన్నాడు డేల్. "మిగతావన్నీ నేను పోసుకున్నాను. అవి కూడా నువ్వే తీసేసుకుంటే, మానడానికి నాకేం మిగులుతుంది?"

రాధారాణి మార్కర్ ఆయన చేతిలో పెట్టి పక్కకి తప్పుకుంది. డేల్ తన పేరు రాశాడు. అక్షరాలు గుంటల్లో కారులా ఎగిరెగిరి పడ్డాయి. రాశాక మార్కర్ మూత పెట్టేసి, ఆవిడ వైపు తిరిగాడు.

"తేదీకి మార్కర్ వద్దు. పెన్సిల్ ఉందా?"

చక్రధర్ కౌంటరు సొరుగులన్నీ లాగి ఎక్కడో ఒక పెన్సిల్ ముక్క దొరికించుకుని పరిగెత్తుకొచ్చాడు. డేల్ ఆ రోజు తేదీ వేశాడు, లేతగా, రబ్బరు పెడితే పోయేలా.

మర్నాడు రాధారాణి అరగంట ముందే వెళ్ళి తాళం తీసింది. కోటు విప్పకుండానే గోడ దగ్గరికి వెళ్ళి, ఫోను లైటు వేసి చూసింది. తేదీ అలాగే ఉంది. కుర్చీ ఒకటి లాక్కుని, తలుపు వైపు మొహం పెట్టి కూర్చుంది. రెండు నిమిషాలు కూర్చుని లేచింది. మళ్ళీ వెళ్ళి చూసింది.